వింత ఎవరికి?

"తండాలో వింత ఆచారం." ఇట్లాంటి శీర్షిక మీరు ఎప్పుడో ఒకప్పుడు చదివే ఉంటారు. పత్రిక జిల్లా పేజీలోనో, టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లోనో, ఇప్పుడైతే ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో మీదనో. కింద బొమ్మలో మన చెల్లెళ్లు తలల మీద బుట్టలు పెట్టుకుని వరుసగా నడుస్తుంటారు. బుట్టల్లో జానెడు ఎత్తు గోధుమ మొలకలు. అది తీజ్ అని మనకు తెలుసు. రాసినాయనకు తెలియదు, తెలిసినా పేరు చెప్పాలనిపించలేదు. వింత అంటే చాలుననుకున్నాడు.

ఒక్కసారి తీజ్‌ను బతుకమ్మ పక్కన పెట్టి చూడండి. అక్కడ తొమ్మిది రోజులు, ఇక్కడా తొమ్మిది రోజులు. అక్కడ ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ పాడుతారు, ఇక్కడా అంతే. అక్కడ తంగేడు, గునుగు. ఇక్కడ మట్టి, ఎరువు, గోధుమ గింజ. చివరి రోజు రెండూ నీళ్లలోకే పోతాయి. సాగనంపేటప్పుడు రెండుచోట్లా కళ్లు తడుస్తాయి. 2014లో తెలంగాణ వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. అందుకు మనం కూడా సంతోషించాం, మన తండాల్లోనూ ఆడుతున్నాం. కానీ అదే కొలతతో కొలిస్తే తీజ్ పండుగ ఎందుకు కాలేదు? వింత ఆచారం ఎట్లా అయింది? రెండు పండుగల మధ్య తేడా పూలకూ మొలకలకూ ఉన్న తేడా కాదు. చూసే మనిషి ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్న తేడా.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ ఉన్న తండాల్లో పుట్టి, ఈ మూడు ఊళ్లలో చదువుకుని, ఉద్యోగం చేసి, ఈ మాటను చాలాసార్లు విన్నాను. అన్నాను కూడా. అందుకే దీన్ని ఇప్పుడు విప్పి చూడాలనిపించింది.

మాట, దాని చుట్టాలు

పాత తెలుగులో వింత అంటే ఆశ్చర్యం, కొత్తది, పరాయిది, ఈ మూడూ కలిసే ఉండేవి. వింతవాడు అంటే పరాయివాడు, ఊరికి కొత్తవాడు. అంటే ఈ మాటలో మొదటినుంచీ ఒక గీత ఉంది. గీతకు ఇవతల మనవాళ్లు, అవతల వింతవాళ్లు. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అనే సామెతలో అది కాలానికి సంబంధించిన మాట. వింతవాడు అన్నప్పుడు అది మనుషులకు సంబంధించిన మాట.

కోదాడలో ఈ మాట చుట్టాలు అన్నీ వినబడుతాయి. అది హైదరాబాదు–విజయవాడ రహదారి మీద తెలంగాణ చివర ఉన్న పట్నం. కొద్ది దూరం పోతే ఆంధ్రప్రదేశ్. కాబట్టి అక్కడి హోటల్లో ఒక బల్ల దగ్గర "ఇదేం ఇచ్చంత్రం" అంటే, పక్క బల్ల దగ్గర "విడ్డూరం కాకపోతే" అంటారు. మన దిక్కు ముసలివాళ్లు "గమ్మతిగున్నదే" అంటారు. చదువుకున్నవాళ్లు విచిత్రం అంటారు. ఇవన్నీ ఒకటే అనిపిస్తాయి గాని ఒకటి కావు. గమ్మతిలో నవ్వు ఉంది, కోపం లేదు. గమ్మతిగా ఉన్న మనిషి పక్కన కూర్చోవచ్చు. విడ్డూరంలో మందలింపు ఉంది, అయినా అది ఎక్కువగా ఇంటివాళ్లనే మందలిస్తుంది. చోద్యం అనే మాట ఇంకొకటి ఉంది. చోద్యం చూడటం అంటే చేయి అందించకుండా నిలబడి చూడటం. వింత ఈ చోద్యానికి దగ్గరి చుట్టం.

వీటన్నిటిలో నాకు ఇష్టమైన మాట కొత్త. చంటిపిల్లను చుట్టాలెవరైనా ఎత్తుకోబోతే ఏడుస్తుంది. తల్లి "దానికి కొత్త" అంటుంది. ఎంత న్యాయమైన మాట అది! వచ్చిన చుట్టంలో ఏదో లోపం ఉందని అనలేదు. పిల్లలోనూ తప్పుపట్టలేదు. దానికి కొత్త, అంతే. రెండు రోజులు పోతే "కొత్త పోయింది" అంటారు. అంటే కొత్త అన్నది పోయేది. వింత అన్నది పోదు, మనిషికి అంటుకుని ఉంటుంది.

ఎగిరిపోయిన 'కి'

భాష చెప్పే టీచర్లు ఈ భాగం కొంచెం ఓపికతో చదవాలి. "నాకు వింతగా ఉంది", "ఆయనకు వింతగా తోచింది" అంటాం. ఈ వాక్యాల్లో నాకు, ఆయనకు అనే మాటలు తీసేస్తే వాక్యం కుంటుతుంది. ఆకలి, నిద్ర, భయం కూడా ఇట్లాంటివే. నాకు ఆకలి, వాడికి భయం. ఆకలి కంచంలో ఉండదు, కడుపులో ఉంటుంది. అట్లాగే వింత చూసే వస్తువులో ఉండదు, చూసే మనిషిలో ఉంటుంది. తెలుగు వాక్యం ఆ నిజాన్ని 'కి', 'కు' ప్రత్యయాల్లో దాచిపెట్టుకుంది.

ఇప్పుడు దాన్ని శీర్షికగా మార్చండి. వింత ఆచారం, వింత వేషం, వింత భాష. 'కి' ఎగిరిపోయింది. చూసిన మనిషి వాక్యంలోంచి మెల్లగా తప్పుకున్నాడు. తన తెలియనితనాన్ని మాత్రం మన ఆచారం మీద వదిలి పోయాడు. "ఇది నాకు తెలియదు" అనవలసినవాడు "ఇది వింత" అన్నాడు. మొదటి వాక్యం ఒప్పుకోలు. రెండోది తీర్పు.

"వింత అంటే తప్పేముంది, ఆశ్చర్యమనే కదా అర్థం, తాజ్ మహల్‌ను కూడా ప్రపంచ వింత అంటున్నాం కదా" అని నాతో వాదించిన మిత్రులున్నారు. మంచి ప్రశ్నే. కానీ తాజ్ మహల్ వింత అన్న తర్వాత పాఠం అక్కడ ఆగదు. ఎవరు కట్టించారు, ఎప్పుడు, ఏ రాయితో, ఏ నది ఒడ్డున అని చెబుతుంది. పిల్లలు కంఠస్థం చేస్తారు, పరీక్షలో రాస్తారు. అక్కడ వింత అన్నది తలుపు. మన విషయంలో వింత అన్నది గోడ. ఆ మాట తర్వాత ఇంక తెలుసుకోవలసింది ఏమీ లేదన్నట్టు వార్త ముగుస్తుంది.

ఒక మాట విలువ దాని పక్కన కూర్చునే మాటలను బట్టి కూడా తెలుస్తుంది. వార్తల్లో వింత ఎవరెవరితో కూర్చుంటుందో గమనించండి. వింత జంతువు, వింత శిశువు, వింత వ్యాధి, రెండు తలల దూడ, ఆ పక్కన వింత ఆచారం. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రి పాలైనప్పుడు దాన్ని వింత వ్యాధి అన్నారు. అక్కడ ఆ మాట సరిగ్గా అతికింది, ఎందుకంటే అప్పటికి డాక్టర్లకే కారణం తెలియదు. తెలియదు గనుక రక్తం పరీక్షించారు, నీళ్లు పరీక్షించారు, కూరగాయలు కూడా పరీక్షించారు. వింత అన్న మాట వాళ్లను వెతికించింది. మరి మన తండా మీద వింత అన్న మాట పడ్డప్పుడు ఎవరు ఏం వెతికారు? తండా ఊరికి కూతవేటు దూరంలో ఉంటుంది. పెద్దమనిషినో, నాయక్‌నో, మొలకలు మోస్తున్న ఆ అమ్మాయినో ఒక్క మాట అడిగితే చాలు. గోధుమలు ఎందుకు, పెళ్లికాని పిల్లలే నీళ్లు ఎందుకు పోయాలి, రేగుముళ్లకు నానిన శనగలు గుచ్చుతుంటే అన్నదమ్ములు వచ్చి ఎందుకు ఆటపట్టిస్తారు, అన్నిటికీ జవాబు ఉంది. అడగకపోవడమే ఇక్కడ వింత.

బస్టాండులో పది అడుగులు

పరాయివాళ్ల మాట ఇంతసేపు చెప్పాను. ఇప్పుడు నా మాట.

నేను సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో మా యాడి నెలకోసారి చూడటానికి వచ్చేది. ఫేటియా, కాంచళీ, చేతుల నిండా బలియాలు, నెత్తిన మూట. మూటలో జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం. బస్టాండులో దిగగానే చుట్టూ ఉన్నవాళ్లు చూసేవాళ్లు. తిట్టేవాళ్లు కాదు, నవ్వేవాళ్లు కూడా తక్కువే. ఊరికే చూసేవాళ్లు. ఆ చూపుకు పేరు ఏమిటో అప్పుడు నాకు తెలియదు. అది నా వీపు మీద పాకేది. మా క్లాసు పిల్లలు ఎవరైనా కనబడుతారేమోనని నేను యాడి కంటే పది అడుగులు ముందు నడిచేవాణ్ణి. ఒకసారి ఒక స్నేహితుడు ఎదురుపడి "ఎవరురా ఆమె?" అన్నాడు. "మా ఊరామె" అన్నాను.

యాడికి తెలుగు బాగానే వచ్చు. విన్నదో లేదో నాకు తెలియదు. ఆమె ఏమీ అనలేదు. రొట్టెల మూట ఇచ్చింది, తల నిమిరింది, బస్సు ఎక్కింది. వచ్చే నెల చీర కట్టుకుని వచ్చింది. కొత్త చీర, నడక రాలేదు. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడుతున్నాయని మన భాషలో మెల్లగా చెప్పి నవ్వింది. ఆ తర్వాత నేను చదువు ముగించేదాకా సూర్యాపేటకు ఆమె ఫేటియాలో రాలేదు.

మా యాడి దుస్తులు నాకు వింత కాదు. పుట్టినప్పటి నుంచీ ఆ ఫేటియా అంచు పట్టుకునే నడిచాను. అయినా ఆ బస్టాండులో నేను ఆమెను ఇతరుల కళ్లతో చూశాను. వింత అన్న మాటలో అసలు ప్రమాదం ఇదే. బయటివాడు అన్నంతకాలం అది వాడి మాట. ఆ మాటను మనం లోపలికి తీసుకున్న రోజున మన తల్లి మనకు వింత అవుతుంది. తండాల్లో ఫేటియా ఎందుకు తగ్గిపోయిందని సభల్లో ప్రసంగాలు విన్నప్పుడల్లా, ధర, ఎండ, కూలిపని, కుట్టేవాళ్లు లేకపోవడం, ఈ కారణాలన్నీ నిజమే అనుకుంటాను. వాటి పక్కన నేను వేసిన ఆ పది అడుగులు కూడా రాయాలనిపిస్తుంది.

చూపు చట్టమైనప్పుడు

వింతగా చూడటం కళ్లతోనే ఆగితే ఇంత రాయనక్కరలేదు. అది కాగితాల మీదికి కూడా ఎక్కింది. రైళ్లు, మంచి రోడ్లు రాకముందు దక్కనులో ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద మోసింది మనవాళ్లు. సైన్యాలకు తిండి చేర్చింది మనవాళ్లు. అప్పుడు తండా వచ్చిందంటే ఊరికి ఉప్పు వచ్చినట్టు. రైలు వచ్చాక ఆ పని పోయింది. పని పోయిన మనుషులు తిరుగుతుంటే ఎందుకు తిరుగుతున్నారో ప్రభుత్వానికి అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అనుమానించింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద పలుచోట్ల బంజారాలను కూడా చేర్చారు. నేరం చేసినందుకు కాదు, ఆ కులంలో పుట్టినందుకే పోలీసు లెక్కల్లోకి ఎక్కించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గాని ఆ చట్టం పోలేదు.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి దక్షిణ భారత కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశారు. వాటిలో మన గురించీ ఉంది. థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిచిన అధికారి. ఆయన సేకరించిన సమాచారం మనకు నేటికీ కొంత పనికివస్తుంది, కాదనను. కానీ కొలబద్ద ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంది. ఆయన తల ఎవరూ కొలవలేదు.

మన పేరు కూడా చూడండి. లంబాడీ అని, సుగాలి అని, బంజారా అని ఒక్కో ప్రాంతం ఒక్కో పేరు పెట్టింది. మనల్ని మనం పిలుచుకునేది గోర్ అని, మన మాటను గోర్‌బోలి అని. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో వందల తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఇవి పోరాడి సాధించుకున్నవి. కానీ చట్టం మారినంత వేగంగా విశేషణం మారలేదు. తండా పంచాయతీ అయింది. ఆచారం ఇంకా వింతగానే ఉంది.

మన దగ్గరా ఒక మాట ఉంది

ఇంతవరకు చదివిన తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు తలలూపి ఉంటారు. ఇప్పుడు అద్దం మనవైపు తిప్పుదాం. గోర్‌బోలిలో గోర్ కానివాళ్లను కోర్ అంటాం. ఆ మాట పలికేటప్పుడు మన గొంతులో ఏముంటుందో మనకు తెలుసు. ఒక్కోసారి ఊరికే గుర్తు పట్టడానికి అంటాం. ఒక్కోసారి వాళ్ల ముందే, వాళ్లకు అర్థం కాదన్న ధీమాతో, నవ్వుతూ అంటాం. గీత గీసింది తెలుగువాళ్లే అనుకోవద్దు. మనం కూడా గీశాం. కాకపోతే మన గీతకు చట్టం, పత్రిక, బడి తోడు లేవు. అందుకే అది ఎవరికీ పెద్దగా తగల్లేదు.

ఆదిలాబాద్ రాజ్‌గోండుల గుస్సాడీ సంగతి తీసుకోండి. నెమలి ఈకల టోపీ, ఒంటినిండా బూడిద, చేతిలో కర్ర. దీపావళి ముందు దండారీలో ఆడుతారు. మార్లవాయికి చెందిన కనకరాజు ఆ నాట్యానికి గురువుగా ఉండేవారు, 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త టీవీలో వస్తున్నప్పుడు మా తండా పిల్లలు కొందరు నవ్వారు. "ఏం వేషమిది" అన్నారు. మనల్ని చూసి బస్టాండు నవ్వితే నొచ్చుకునే మనమే, గోండు పెద్దాయన టోపీ చూసి నవ్వాం. గిరిజనులం గిరిజనులకే వింత అయితే, బయటివాడికి చెప్పే నోరు మనకు ఎక్కడిది?

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మన ఆచారాల మీద ఎవరు ఏ ప్రశ్న వేసినా అవమానం అనుకోవద్దు. ఒకప్పుడు పిల్లకు ఓలి ఇచ్చి చేసుకున్న తండాల్లోకి ఇవాళ కట్నం వచ్చింది. చిన్న వయసు పెళ్లిళ్లు ఉన్నాయి. మంత్రాల నెపంతో ముసలివాళ్లను కొట్టిన ఊళ్లున్నాయి. వీటిని తప్పు అనాలి. గట్టిగా అనాలి. వింత అన్న మాట ఆ పని చేయదు. వింత అన్నవాడు తప్పును తప్పు అనకుండా, మంచిని మంచి అనకుండా, రెండిటినీ ఒకే గంపలో వేసి తమాషా చూపిస్తాడు. నిజంగా విమర్శించేవాడు దగ్గరికి రావాలి, పేరు తెలుసుకోవాలి, వాదించాలి. అట్లాంటివాడికి మంచం వేద్దాం.

మన రాతల్లో వింత

ఇప్పుడు మన సాహిత్యం గురించి. గోర్ బంజారా రచయిత రమేశ్ కార్తీక్ నాయక్ తన కవితల పుస్తకానికి 'బల్దేర్ బండి' అని పేరు పెట్టాడు. ఎద్దులబండి అని పెట్టవచ్చు, పెట్టలేదు. కథల పుస్తకానికి 'ఢావ్లో' అని పెట్టాడు. 2024లో దానికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. సూర్యా ధనంజయ్, ఆయన కలిసి తెచ్చిన బంజారా కథల సంకలనం పేరు 'కేసులా', అంటే మోదుగుపూలు. ఈ మూడు పేర్లూ తెలుగు పాఠకుడికి మొదట కొత్తే. పుస్తకం కొన్నవాడు "ఇదేం మాట?" అని ఒక్కక్షణం ఆగుతాడు. నా దృష్టిలో ఆ ఆగడమే ఈ పేర్ల విలువ. ఇన్నాళ్లూ తెలుగు పుస్తకం ముందు ఆగింది మనం. ఇప్పుడు ఆగవలసిన వంతు వాళ్లకు వచ్చింది. ఆగిన తర్వాత తలుపు తీసి ఉంది, లోపలికి రావచ్చు.

ఢావ్లో అంటే ఏమిటో మన పిల్లలకు కూడా చెప్పవలసిన రోజులు వచ్చాయి. పెళ్లయిన పిల్ల పుట్టింటిని వదిలి పోతూ తల్లినీ వదినెనూ స్నేహితురాళ్లనూ కౌగిలించుకుని ఏడుస్తూ పాడే పాట. దీన్ని చూసి "పెళ్లిలో ఏడుపు పాటలా" అని ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. వాళ్ల ఇంటి పెళ్లిలో అప్పగింతల వేళ ఏం జరుగుతుంది? అక్కడా పాట ఉంది, అక్కడా తల్లి ఏడుస్తుంది, తండ్రి పిల్ల చేతిని పాలలో ముంచి అత్త చేతిలో పెడుతూ వణుకుతాడు. అది అప్పగింతలు, ఇది వింత. కూతుర్ని పంపే బాధకు రెండు భాషలు ఉంటాయి గాని రెండు జాతులు ఉండవు.

మెచ్చుకోలు తర్వాత ఒక ఫిర్యాదు. మన యువ కవులు రాసి తెచ్చే కవితల్లో చాలావాటిలో నగల జాబితాలు కనబడుతున్నాయి. బలియాలు, ఘూగ్రీలు, అద్దాలు, గవ్వలు, మళ్లీ బలియాలు. కవిత నిండా మెరుపులే. ఆ మెరుపుల వెనక ఉన్న ఆడమనిషికి మిర్యాలగూడ రైసుమిల్లులో కూలి ఎంత, ఎడమకాలువ చివరి భూమికి నీళ్లు వచ్చాయా లేదా, జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఆమె ఎవరి మీద అలిగింది, ఈ సంగతులేవీ ఉండవు. ఇది మ్యూజియం చీటీలాంటి కవిత్వం. బయటివాడు వింతగా చూస్తాడని నొచ్చుకుంటూనే, వాడికి కావలసిన వింతను మనమే అలంకరించి అమ్ముతున్నాం. తీజ్ నాడు వేదిక ఎక్కి ఫొటో కోసం వేసుకునే ఫేటియా కూడా ఇట్లాంటిదే కావచ్చు. వేసుకోవద్దని కాదు. వేసుకుని బస్టాండుకు కూడా పోగలమా అన్నదే నా ప్రశ్న. అందం అని పొగిడినా, వికారం అని నవ్వినా, దూరం నుంచి చూసే చూపు ఒకటే.

బడిలో చేయగల పని

తెలంగాణవాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. వాళ్ల యాసను సినిమాల్లో చాలాకాలం హాస్యగాళ్లకూ రౌడీలకూ పెట్టారు. బడిలో "సరిగ్గా మాట్లాడు" అన్నారు. ఇప్పుడు కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఎంతో మంచిది. ఆ రోజు తండా బడిలో జెండా దగ్గర నిలబడిన పిల్ల ఇంట్లో మాట్లాడే భాష మాత్రం గోర్‌బోలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నాయి. 2003లో సంతాలీ చేరింది, గోర్‌బోలి ఇంకా బయటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో, లంబాడీతో సహా, తెలుగు లిపిలోనే చిన్న తరగతుల పుస్తకాలు వేశారు. అంటే అది చేయగలిగిన పనే. యాస కోసం నొచ్చుకున్న టీచరుకు ఆ పిల్ల నొప్పి అందరికంటే ముందు తెలియాలి.

మిర్యాలగూడ దగ్గరి ఒక బడిలో నేను పనిచేసినప్పుడు ఒక చిన్న పని చేయించాను. "తండాలో వింత ఆచారం" అని బల్ల మీద రాశాను. "ఈ వాక్యంలో ఎవరికి అన్న మాట పోయింది, వెతికి పెట్టండి" అన్నాను. మొదట "ప్రజలకు వింత" అన్నారు. తండావాళ్లు ప్రజలు కారా అని అడిగాను. కాసేపు గుసగుసలు. తర్వాత "పత్రిక రాసినాయనకు వింత" అన్నారు. చివరి బెంచీలో ఎప్పుడూ మాట్లాడని తండా పిల్ల లేచి నిలబడి, "సార్, మా క్లాసుల సగం మందికి తీజ్ ఎరుకే, సగం మందికి ఎరుక లేదు, గంతే సార్" అన్నది. నేను ఆ పిల్ల వాక్యాన్నే బల్ల మీద శీర్షికగా రాశాను. అంతకంటే సరైన శీర్షిక నేను ఇంతవరకు ఏ పత్రికలో చదవలేదు. ఆ తర్వాత ఎరుక లేని సగం మంది అడగటం మొదలుపెట్టారు. ఆ పిల్ల జవాబులు చెప్పింది, కొన్ని తెలియక ఇంటికి పోయి వాళ్ల అవ్వను అడిగి వచ్చింది.

టీచర్లు ఈ పని ఏ బడిలోనైనా చేయించవచ్చు. వింత కనబడిన ప్రతిచోటా 'ఎవరికి' అని అడగటం. ఆ వస్తువు పేరు ఆ మనుషుల భాషలోనే రాయడం. మనకు తెలిసినవాటిలో దానికి దగ్గరిది ఏదో వెతకడం. ఈ మూడే. యువకులు రాసేటప్పుడు కూడా ఇవే గుర్తుంచుకుంటే చాలు. తెలియనిదాన్ని తెలియదు అని రాయండి. కోర్ అన్నా, గోర్ అన్నా, గుస్సాడీ అన్నా అంతే. భోగ్ వేళ మన పెద్దలు చేసే వేడుకోలులో గోర్‌కూ కోర్‌కూ చీమకూ పురుగుకూ కూడా మేలు కావాలని అడుగుతారు. గీత గీసిన ఆ రెండు మాటలనే పక్కపక్కన పెట్టి మేలు కోరే భాష మనది. ఆ మర్యాద మన రాతల్లోకి రావాలి.

మా యాడికి ఇప్పుడు చీరే అలవాటైపోయింది. పెట్టెలో ఒక ఫేటియా మడతపెట్టి ఉంది. పోయిన తీజ్‌కు మా కూతురు అది బయటికి తీసి, "నానమ్మా, ఇది ఎట్ల కడతరు?" అని అడిగింది. అది వింత అనలేదు. ఎట్లా అని అడిగింది. యాడి తన చేతులతో నాడా బిగించి చూపించింది.